తోళ్ల రసాయనంలో పేరుగాంచిన యలవర్రు రైతుబిడ్డ

తెనాలి ప్రాంతపు యలవర్రు గ్రామం చాలాకాలం గుంటూరు జిల్లాలోనే ఉండేది. 2022 నుంచి బాపట్ల జిల్లా రేపల్లె డివిజనులో చేరింది. ఆ ఊరిలో ఒక వ్యవసాయ కుటుంబంలో 1922 సెప్టెంబరు 10న డాక్టర్ యలవర్తి నాయుడమ్మ జన్మించారు. పేరు చూసి ఆడమనిషి అనుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. మన పల్లెల్లో మగవారికి ఇటువంటి పేర్లు పెట్టడం పెద్దలకు తెలిసిన సంగతే.

నాయుడమ్మగారు గుంటూరు ఏసీ కాలేజీలో ఇంటర్మీడియట్, కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో రసాయన సాంకేతిక విద్య ముగించుకొని మద్రాసులో తోళ్ల పరిశ్రమ విద్యాలయంలో చేరారు. ఆ రోజుల్లో కాస్త భూమి ఉన్న కుటుంబం నుంచి వచ్చి, ఇంత చదువు చదివిన యువకుడు పచ్చితోలు ముట్టుకొనే పనికి పోవడమంటే ఊళ్లో నలుగురూ ముక్కున వేలేసుకునే విషయమే. తోలుపని ఒక కులానికి అంటగట్టిన పని. ఆ పని చేసేవారిని ఊరి చివర ఉంచి, వారు కుట్టిన చెప్పులు మాత్రం అందరూ తొడిగేవారు.

తరువాత ఆయన ఇంగ్లండు వెళ్లారు. అటునుంచి అమెరికా చేరి లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొంది తిరిగి వచ్చారు. మద్రాసు అడయారులో 1948లో నెలకొల్పిన కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థలో పనిచేసి, 1958 నుంచి 1971 దాకా దానికి డైరెక్టరుగా ఉన్నారు.

ఆ సంస్థ ప్రత్యేకత ఏమిటంటే, మద్రాసు విశ్వవిద్యాలయంలో తోళ్ల సాంకేతిక విద్య చదివే విద్యార్థులకు అదే ఆవరణలో పాఠాలూ, ప్రాక్టికల్సూ జరిగేవి. కాలేజీ, పరిశోధన, పరిశ్రమ మూడూ ఒకే కప్పు కింద ఉండాలన్నది నాయుడమ్మగారి పట్టుదల.

మామూలు కాలేజీ ల్యాబులో ఒక విద్యార్థి బ్యూరెట్టు పట్టుకొని రంగు మారేదాకా చూసి, అంకె రాసుకొని వెళ్లిపోవచ్చు. తోలు దగ్గర అది కుదరదు. ఉప్పువేసిన పచ్చితోలును నీళ్లలో నానబెట్టాలి. సున్నపు తొట్టిలో వేసి వెంట్రుక ఊడదీయాలి. సున్నం పోగొట్టి, ఉప్పు, ఆమ్లం కలిపిన నీటిలో తిప్పాలి. ఆ తర్వాతే కొయ్య డ్రమ్ములో క్రోమియం లవణం. ఇదంతా కొన్ని రోజుల పని. ఒకరు తూకం చూస్తే, ఒకరు నీటి ఆమ్లత కొలవాలి, మరొకరు డ్రమ్ము కనిపెట్టుకొని ఉండాలి. చివర్లో సోడా తొందరపడి పోస్తే తోలు పైభాగం గరుకెక్కి పాడవుతుంది. అంచు కోసి చూసినప్పుడు నీలిరంగు మధ్యదాకా దిగకుండా తెల్లగీత మిగిలితే ముందున్నవారిలో ఎవరో పొరబడ్డారన్నమాట. ఎక్కడ పొరబడ్డామో అందరూ తమ తమ లెక్కలు ముందు పెట్టుకొని వెతకవలసిందే. చివరి పరీక్ష మరీ నిక్కచ్చిది. చిన్న ముక్క కత్తిరించి కాగితం మీద దాని అంచు గీసుకొని, మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు వేయాలి. ముడుచుకోకుండా గీతకు సరిపోతే పదును కుదిరినట్టు. పచ్చితోలు 65 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ముడుచుకుపోతుంది.

చేయి తిరిగిన మేస్త్రీకి ఇందులో తెలిసినది పుస్తకంలో దొరకదు. వేలితో నొక్కి తోలు ఎంత నానిందో చెప్పగలడు. ఎందుకలా జరుగుతుందో విద్యార్థి చెప్పగలడు. ఇద్దరినీ కలిపితేనే పరిశ్రమ బాగుపడుతుందని నాయుడమ్మగారు గ్రహించారు. తోళ్ల కార్ఖానాల వారు, శాస్త్రవేత్తలు ఏటా కలుసుకునే సమావేశం ఆయన కాలంలోనే మొదలైంది. కాన్పూరు, కలకత్తా, జలంధరు వంటి చోట్ల సంస్థ శాఖలు వెలిశాయి. అంతకుముందు మన తోళ్లు తంగేడు చెక్కతో సగం పదును చేసి విదేశాలకు పోయేవి. అసలు లాభం అక్కడివారిదే. 1970లలో కేంద్ర ప్రభుత్వం ఆ ఎగుమతులకు కళ్లెం వేసి, పూర్తిగా తయారైన సరుకు వైపు పరిశ్రమను మళ్లించింది. అప్పటికి ఆ పని తెలిసిన మనుషులు దేశంలోనే తయారై ఉండటం చిన్న విషయం కాదు.

1971లో పద్మశ్రీ అందుకున్నారు. అదే ఏడాది దేశంలోని శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయి 1977 దాకా కొనసాగారు. ఆ హోదాలో తెలంగాణలోని కరీంనగర్ జిల్లాను ఎంచుకొని, వేరువేరు ప్రయోగశాలల శాస్త్రవేత్తలను అక్కడి పల్లెలకు పంపారు. తోళ్ల ల్యాబులో నేర్చుకున్న పద్ధతినే ఒక జిల్లాకు వర్తింపజేయబోయారని అనిపిస్తుంది. 1981-82లో ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు.

1985 జూన్ 23న కెనడా నుంచి స్వదేశానికి వస్తుండగా ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లాండు తీరానికి దూరంగా బాంబు పేలి సముద్రంలో కూలిపోయింది. చనిపోయిన 329 మందిలో నాయుడమ్మగారు ఒకరు. అప్పటికి ఆయన వయసు 62 ఏళ్లు. తర్వాత ఆయన పేరిట తెనాలిలో ఏర్పడిన స్మారక ట్రస్టు శాస్త్రవేత్తలకు పురస్కారాలు అందజేస్తూ వచ్చింది.