సుబ్బారావు మందు, పెద్దల చూపు

యాభై దాటినవారికి, ఎక్కువగా డెబ్బైలలో ఉన్న తాతలకూ అమ్మమ్మలకూ, కణతల దగ్గరి ధమనులు వాచే జబ్బు ఒకటుంది. పేరు జెయింట్ సెల్ ఆర్టరైటిస్. తల దువ్వుకున్నా నొప్పే, అన్నం నమిలినా దవడ నొప్పే. వైద్యం ఆలస్యమైతే చూపు పోతుంది, పోయిన చూపు తిరిగి రావడం అరుదు. ఈ జబ్బుకు డాక్టర్లు పోల్చి చూసే మందుల్లో ఒకదాని వెనుక మన యల్లాప్రగడ సుబ్బారావు ఉన్నారు.

1895లో భీమవరంలో పుట్టిన ఆయన మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కింది మద్రాసు హిందూ హైస్కూల్లో. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు తొడిగినందుకు సర్జరీ ప్రొఫెసర్‌కు కోపం వచ్చింది. చివరికి ఎంబీబీఎస్ కాక ఎల్‌ఎంఎస్ పట్టాయే చేతికొచ్చింది. ఇద్దరు సోదరులు స్ప్రూ అనే పేగుల వ్యాధితో కొద్దిరోజుల తేడాలో పోయారు. తర్వాత ఆయన అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో పనిచేశారు, 1940లో లెడర్లే ప్రయోగశాలలో చేరారు.

అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. స్ప్రూ రోగులకు అది పనికొచ్చింది. తర్వాత అదే ఆమ్లానికి నకళ్లు చేశారు. కణం అసలుదనుకుని నకలును తీసుకుంటుంది, పెరగలేక ఆగిపోతుంది. రక్త క్యాన్సర్ పిల్లలకు మొదట ఇచ్చిన అమినాప్టెరిన్, దాని తమ్ముడు మెథోట్రెక్సేట్ అలా పుట్టినవే. 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే సుబ్బారావు మరణించారు. మరుసటి నెలే అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతపు రోగికి తొలిసారి కార్టిసోన్ ఇచ్చారు.

ఆ కార్టిసోన్ వంశానిదే ప్రెడ్నిసలోన్. ధమనుల వాపుకు నేటికీ మొదట ఇచ్చేది అదే. చూపు కాపాడటంలో దాని వేగం గొప్పది. కానీ నెలల తరబడి వాడితే షుగరు పెరుగుతుంది, ఎముకలు గుల్లబారతాయి. దాని మోతాదు తగ్గించాలని మెథోట్రెక్సేట్‌ను జతచేసి చూశారు. 2001లో స్పెయిన్‌లో 42 మందిపై పరీక్షిస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గింది. 2002లో 98 మందిపై చూస్తే లాభం కనబడలేదు. మూడు పరీక్షలను కలిపి 2007లో లెక్కిస్తే కొంత మేలే తేలింది. 2017లో 251 మందిపై పరీక్షించిన టోసిలిజుమాబ్ మరింత స్పష్టంగా పనిచేసింది. తెలుగువాడి మందని మనం తక్కెడ మీద వేలు పెట్టలేం కదా! అయితే టోసిలిజుమాబ్ చాలా ఖరీదు. అది కుదరని చోట సుబ్బారావు మాత్రే నేటికీ అక్కరకొస్తోంది.

ఇంట్లో పెద్దలకు మందుల అట్ట చదివి పెట్టే పిల్లలు ఒకటి గమనించాలి. ఈ జబ్బుకైనా కీళ్లవాతానికైనా మెథోట్రెక్సేట్ వేసుకునేది వారానికి ఒక్కరోజే. పొరపాటున రోజూ మింగితే ప్రాణం మీదికొస్తుంది.