గురజాడవారి దినచర్య

కీర్తిశేషులు గురజాడ వేంకట అప్పారావుగారు నాటి విశాఖపట్టణ మండలమందలి రాయవరమున 1862 సెప్టెంబరు 21వ తేదీన జన్మించిరి. చీపురుపల్లిలో ప్రారంభమైన వారి విద్య విజయనగరమున కొనసాగినది. 1884లో ఉపాధ్యాయులైరి, 1886లో బి.ఏ. పట్టము నందిరి, పిమ్మట కళాశాలలో అధ్యాపకులైరి.

ఉద్యోగభారము, సంస్థానపు వ్యాజ్యముల చిక్కులు, దుర్బలమైన ఆరోగ్యము వారిని వెన్నాడుచుండెను. అయినను దినచర్య వ్రాయు నలవాటు వారికుండెను. చాలవరకు ఆంగ్లమున నున్న ఆ పుటలలో చేసిన పనులతోపాటు చదివిన గ్రంథములును, వానిపై తోచిన తలపులును చోటు చేసికొనినవి. అనంతరకాలమున అవి తెలుగులోనికి వచ్చి అచ్చైనవి.

చదివినది మరచిపోవుట సులభము. వ్రాసి యుంచినది మరల పనికివచ్చును. 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయిన కన్యాశుల్కమును వారు విడిచిపెట్టక, పెంచి మార్చి 1909లో మరల ప్రకటించిరి. వాడుకభాషకై 1914లో మద్రాసు విశ్వవిద్యాలయమునకు సుదీర్ఘమైన అసమ్మతి పత్రమును సమర్పించిరి. నాడు వారి వాదము నెగ్గలేదు. 1915 నవంబరు 30వ తేదీన, తమ 53 సంవత్సరముల వయస్సున, ఆ విజయమును చూడకయే పరమపదించిరి. పిదప పత్రికలును, పాఠ్యగ్రంథములును వారి బాటనే పట్టినవి.

గ్రంథాలయపు చిట్టా పుస్తకము ఎవరింటికి వెళ్లినదో మాత్రమే చెప్పును. అది మనసులోనికి వెళ్లినదో లేదో చెప్పజాలదు. ఆ లెక్క పాఠకుడే వ్రాసికొనవలెను. ఉయ్యూరు చెరకుతోటలనుండి సాయంకాలము ఇల్లు చేరిన రైతు సైతము, దీపము ముందు తేదీ వేసి, చదివిన పుట సంఖ్యయు, తోచిన ఒక్క మాటయు వ్రాసికొనిన చాలును. ఆ మహనీయుని స్మరించుటకు ఇంతకంటె సులభమైన మార్గము లేదు.