విలియం కోలీ

విలియం కోలీ 1862వ సంవత్సరమున అమెరికా దేశమందలి కనెక్టికట్ రాష్ట్రములో జన్మించెను. హార్వర్డు వైద్యకళాశాలలో 1888లో పట్టము పొంది, న్యూయార్కు నగరమున శస్త్రవైద్యుడయ్యెను. తొలినాళ్లలోనే 17 ఏండ్ల బాలిక యొకతె చేతి యెముకకు రాచపుండు పుట్టి అతనికడకు వచ్చెను. చేయి తీసివేసినను వ్యాధి ఒడలెల్ల వ్యాపించి, 1891 జనవరిలో ఆమె మరణించెను. ఆ మరణము కోలీని కలచివైచెను.

అతడు ఆసుపత్రిలోని పాత రోగుల పుస్తకములను తిరుగవేయసాగెను. అందొక వింత కనబడెను. జర్మనీనుండి వలసవచ్చిన యొకనికి మెడమీద కంతి లేచెను. పలుమాఱులు కోసినను మరల పెరిగెను. అంతలో అతనికి ఎరిసిపెలస్ అను అంటువ్యాధి సోకి, చర్మము ఎఱ్ఱబాఱి, తీవ్రజ్వరము వచ్చెను. ఆ జ్వరముతో కంతియు కరిగిపోయెను! కోలీ వ్రాతను నమ్మి ఊరకుండలేదు. పేదలు నివసించు ఇరుకు వీధులలో ఇంటింటికి తిరిగి ఆ మనుష్యుని వెదకి పట్టుకొనెను. మెడమీద మచ్చ తప్ప అతనికి ఏ బాధయు లేదు.

జ్వరము తనంత తాను చేసిన పనిని వైద్యుడు బుద్ధిపూర్వకముగా చేయరాదా? 1891లోనే కోలీ, గొంతులో కంతిగల ఇటలీ దేశీయు నొకనికి ఆ వ్యాధిక్రిములను సూదితో ఎక్కించెను. రోగి చావు వఱకు పోయి బ్రదికెను, కంతి కరిగెను. అతడు మఱి 8 ఏండ్లు జీవించెను. కాని సజీవక్రిములతో వైద్యము కత్తిమీది సాము. కొందఱు ఆ జ్వరముననే చనిపోయిరి. అందుచే 1893నుండి చంపిన క్రిములతో మందు చేసెను. దానిని తొలుత పుచ్చుకొన్న 16 ఏండ్ల బాలుడు మఱి 26 ఏండ్లు బ్రదికెను.

అయినను పలువురు వైద్యులు నమ్మలేదు. వారిని పూర్తిగా నిందింప వీలులేదు. మందు ఒకరికి పనిచేసి వేఱొకరికి చేయకుండెను. కోలీ లెక్కలును సరిగా వ్రాసి యుంచలేదు. కారణమా, ఎవరికిని తెలియదు. 1936లో కోలీ గతించెను. కుమార్తె హెలెన్ తండ్రి కాగితములను ఏండ్లతరబడి పరిశీలించి, 1953లో న్యూయార్కునందు ఒక పరిశోధనసంస్థను స్థాపించెను.

కారణము మెల్లగా తెలియవచ్చెను. మన ఒడలిలోని దాదాపు ప్రతి కణమును తనలోని మాంసకృత్తులను తునుకలు చేసి, వానిని దొన్నెవంటి అణువులందుంచి తన పైపొరమీద చూపుచుండును. రక్తమందలి టి కణములు కావలివారివలె తిరుగుచు ఆ తునుకలను పరీక్షించును. వికృతమైనది కనబడినచో ఆ కణమును చంపును. రాచపుండు కణములును తమ తునుకలను చూపును గాని, కొన్ని ఆ దొన్నెలనే దాచివేసి తప్పించుకొనును. కోలీ యెక్కించిన క్రిములు నిద్రించు కావలివారిని మేల్కొలిపియుండునని నేటి శాస్త్రజ్ఞుల ఊహ. 1974లో ఆస్ట్రేలియాయందు జింకర్నాగెల్, డోహర్టీ అనువారు ఈ రహస్యమునకు దారి చూపిరి. మానవుల రాచపుండు కణములు టి కణములకు చూపు అట్టి తునుక యొకదాని జన్యువును బ్రస్సెల్సు నగరమున బూన్ బృందము మొదట గుర్తించినది 1991లో. కోలీ తొలి సూదిమందు వేసి అప్పటికి 100 ఏండ్లు.