ఇరవై ఏళ్ల ప్రాయంలో శ్రీకారం.. జాజ్ గిటార్‌కు కొత్త నాదం

మన సంగీత సంప్రదాయంలో ఏడెనిమిదేళ్ల వయసుకే సరళీ స్వరాలతో సాధన మొదలవుతుంది. జాజ్ గిటార్ గతిని మార్చిన వెస్ మాంట్‌గోమరీ ఆరు తీగల గిటార్‌ను చేపట్టే నాటికి ఆయనకు సుమారు ఇరవై ఏళ్లు. అప్పటికే వివాహితుడు, కుటుంబ భారం మోస్తున్నవాడు.

1923 మార్చి 6న అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో ఆయన జన్మించారు. అన్న మంక్, తమ్ముడు బడ్డీ కూడా సంగీతకారులే. బాల్యంలో అన్న కొనిచ్చిన నాలుగు తీగల గిటార్‌తో కొంత పరిచయం ఉన్నా, అసలు తపన చార్లీ క్రిస్టియన్ రికార్డు విన్నాకే మొదలైంది. వెస్‌కు గురువు లేరు, స్వరలిపి చదవడం రాదు. క్రిస్టియన్ వాదనను పదేపదే వింటూ స్వరం స్వరం ఒడిసిపట్టారు. రాత్రివేళ సాధన ఇరుగుపొరుగుకు ఇబ్బంది కావడంతో పిక్‌ను వదిలి బొటనవేలితో మీటడం అలవరచుకున్నారు. సర్దుబాటుగా మొదలైన ఆ మృదునాదమే ఆయన ముద్రగా నిలిచింది.

1948 నుంచి 1950 వరకు లయొనెల్ హాంప్టన్ బృందంతో దేశమంతా తిరిగారు. అనంతరం స్వస్థలానికి చేరి పగలు కర్మాగారంలో కార్మికుడిగా, రాత్రి క్లబ్బుల్లో వాద్యకారుడిగా ఏళ్ల తరబడి శ్రమించారు. కుటుంబ పోషణ కోసం నిద్రను త్యాగం చేసిన ఆ కాలంలోనే ఆయన శైలి పరిపక్వమైంది. తొలుత ఒంటి స్వరాల వరుస, ఆపై ఒకే స్వరాన్ని రెండు స్థాయిలలో ఏకకాలంలో పలికించడం, చివరకు నిండైన స్వర సమూహాలు.. ఇలా మెట్టుమెట్టుగా సాగే నిర్మాణం ఆయన వాదనకు ప్రాణం.

1959లో శాక్సోఫోన్ విద్వాంసుడు కానన్‌బాల్ ఆడర్లీ ఆయన వాదన విని, న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ రికార్డుల సంస్థకు సిఫారసు చేశారు. 1960లో వెలువడిన ‘ది ఇన్‌క్రెడిబుల్ జాజ్ గిటార్’ ఆల్బమ్‌తో ముప్పై ఏడేళ్ల వయసులో ఆయన పేరు మారుమోగింది.

తర్వాతి కాలంలో జనరంజక గీతాలను వాద్యబృందంతో వాయించి గ్రామీ పురస్కారాన్నీ, విస్తృత ఆదరణనూ పొందారు. జాజ్ పట్టును సడలించారని విమర్శకులు ఆక్షేపించారు. పెద్ద కుటుంబాన్ని పోషించే ఆయనకు ఆ రికార్డులే ఆర్థిక స్థిమితాన్నిచ్చాయి. అయితే, ఆ స్థిమితం ఎంతోకాలం నిలవలేదు. 1968 జూన్ 15న, నలభై ఐదేళ్లకే గుండెపోటుతో ఇండియానాపొలిస్‌లో కన్నుమూశారు. జార్జ్ బెన్సన్, పాట్ మెథినీ వంటి తర్వాతి తరం గిటారిస్టుల వాదనలో ఆయన ప్రభావం సుస్పష్టం.