జాక్ కూస్తో
జాక్ ఈవ్ కూస్తో (జూన్ 11, 1910 - జూన్ 25, 1997) ఫ్రాన్సు దేశానికి చెందిన నౌకాదళాధికారి, సముద్రాన్వేషకుడు, చలనచిత్ర దర్శకుడు.

జీవితం

విమానచోదకునిగా శిక్షణ పొందుతుండగా కారు ప్రమాదంలో చేతులు విరగడంతో ఆ అవకాశం చేజారింది. చేతులకు బలం చేకూరుటకై సముద్రంలో ఈదేవాడు. 1936లో తూలోన్ వద్ద ఈత కళ్ళద్దాలతో నీటి అడుగును చూడటం ఇతని జీవితాన్ని మలుపు తిప్పింది. 1943లో ఎమిల్ గాన్యాతో కలిసి ఆక్వాలంగ్ అనే శ్వాస పరికరాన్ని రూపొందించాడు. ఇతని చిత్రం ది సైలెంట్ వరల్డ్ 1956లో కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం పొందింది.

జలగుహలు

1946లో ఫ్రాన్సులోని వోక్లూజ్ జలగుహలో దిగిన కూస్తో, అతని సహచరుడు ఫ్రెడరిక్ దూమా మృత్యుముఖం నుండి బయటపడ్డారు. సిలిండర్లు నింపిన యంత్రం వదిలిన కార్బన్ మోనాక్సైడు ఆ గాలిలో కలవడమే ఇందుకు కారణం. అయినా ఇతడు అన్వేషణ మానలేదు. 1971లో కలిప్సో నౌకపై బెలిజ్ తీరంలోని గ్రేట్ బ్లూ హోల్ చేరాడు. సుమారు 300 మీటర్ల వెడల్పు, 120 మీటర్లకు పైగా లోతు గల ఈ బిలంలో సున్నపురాతి ఊడలు వ్రేలాడుతున్నాయి. ఇటువంటివి నీరు నిండని గుహలలోనే ఏర్పడతాయి. కావున మంచుయుగంలో సముద్రమట్టం తగ్గినపుడు ఇది పొడిగుహ అనీ, తరువాత పైకప్పు కూలి సముద్రంలో మునిగిందనీ తెలుస్తున్నది.