హెన్రీ మార్టిన్: ఒకరు వదిలేశారు, ఒకరు నిలబడ్డారు

విశాఖ పాత పట్నం మీద వీడియోకి నోట్స్ రాసుకుంటుంటే నాకు ఒక పేరు తగిలింది. సబాత్. అరబ్ పండితుడు. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో విశాఖపట్నం కోర్టులో ముస్లిం ధర్మశాస్త్రం వివరించే ఉద్యోగం చేసేవాడు. అక్కడే అరబ్బీలో కొత్త నిబంధన చదివి, మద్రాసు వెళ్లి బాప్తిస్మం తీసుకున్నాడు. నథానియేల్ అని పేరు పెట్టారు. ఆ తర్వాత ఆయన ఏమయ్యాడా అని వెతికితే హెన్రీ మార్టిన్ దగ్గర తేలాను. మన ఛానల్లో ఒక క్రైస్తవ పాదిరీ కథ ఏంటి అనుకోకండి. మతం మారడం గురించి మనం చాలా గట్టిగా వాదించుకుంటాం కదా, ఈ కథ చదివాక నా వాదనలు కొంచెం నెమ్మదించాయి.

మార్టిన్ 1781లో ఇంగ్లండులోని ట్రూరోలో పుట్టాడు. 1801లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో అందరికంటే మొదటి ర్యాంకు ఆయనదే. మన భాషలో చెప్పాలంటే స్టేట్ ఫస్ట్. ఆ ర్యాంకుతో హాయిగా బతకొచ్చు. లిడియా అనే అమ్మాయిని ప్రేమించాడు కూడా. అన్నీ వదిలి 1805లో ఓడెక్కాడు, మరుసటి ఏడు కలకత్తాలో దిగాడు. పెళ్లి మాత్రం జరగలేదు.

ఆయన ఈస్టిండియా కంపెనీ జీతం తీసుకున్న పాదిరీ. పాలించేవాడి మతం చెప్పే మనిషికీ, వినేవాడికీ మధ్య సమానం ఉండదు. ఆ మాట దాటేసి ఈ కథ చెప్పకూడదు. ఇస్లాం తప్పనే ఆయన నమ్మాడు, ముస్లింలను మార్చాలనే వచ్చాడు. కానీ ఎంచుకున్న పని మాత్రం అనువాదం. దానాపూర్లో, తర్వాత కాన్పూర్లో కూర్చుని కొత్త నిబంధనని ఉర్దూలోకి తెచ్చాడు. పార్శీ, అరబ్బీ పనికి తోడుగా వచ్చింది మన విశాఖ సబాతే.

సబాత్ మహా కోపిష్టి. రోజూ గొడవే. మార్టిన్ ఓపిగ్గా భరించాడు. తీరా చూస్తే సబాత్ పార్శీలో అరబ్బీ మాటలు ఎక్కువైపోయాయని పండితులు తేల్చేశారు. ఏళ్ల శ్రమ మళ్లీ మొదటికొచ్చింది. ప్రొడక్షన్‌కి వెళ్లాల్సిన కోడ్ మొత్తం తిరిగి రాయమంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు.

కాన్పూర్లో ఆదివారాలు తన ఇంటి ముందు చేరే బిచ్చగాళ్లకి, ఫకీర్లకి మార్టిన్ బోధించేవాడు. వందల మంది వచ్చేవారు. వేళాకోళం చూద్దామని వచ్చినవాళ్లూ ఉండేవారు. వాళ్లలో ఒకడు ఢిల్లీకి చెందిన షేక్ సాలిహ్. విన్న మాట అతన్ని వదల్లేదు. చేతిరాత ప్రతుల పనిలో చేరి, ఆ ఉర్దూ పుస్తకాన్ని తనే చదువుకున్నాడు.

అప్పటికే క్షయ మార్టిన్‌ని తినేస్తోంది. అయినా పార్శీ అనువాదం సరిచేయాలని 1811లో షిరాజ్ వెళ్లాడు. అక్కడ వెనక కంపెనీ సైన్యం లేదు. షియా పండితులు వాళ్ల ఊళ్లో, వాళ్ల భాషలో వాదనకి దిగితే జవాబు చెప్పుకోవాలి. మీర్జా సయ్యద్ అలీ అనే ముస్లిం పండితుడి సాయంతో 1812 మొదట్లో పని ముగించాడు. ఇంటికి వెళ్దామని బయల్దేరి, అక్టోబర్ 16న టర్కీలోని తోకాత్‌లో జ్వరంతో చనిపోయాడు. వయసు 31. అయినవాళ్లు ఎవరూ పక్కన లేరు. ఆర్మీనియన్లు ఖననం చేశారు.

తర్వాత ఏమైందో చూడండి. ఏళ్ల తరబడి పక్కన కూర్చున్న సబాత్ క్రైస్తవం వదిలేసి, దానికి వ్యతిరేకంగా అరబ్బీలో పుస్తకమే అచ్చేయించాడు. గుంపులో నిలబడి విన్న షేక్ సాలిహ్, మార్టిన్ కలకత్తా వదిలి వెళ్లాక, 1811లో అక్కడ బాప్తిస్మం తీసుకుని అబ్దుల్ మసీహ్ అయ్యాడు. ఆగ్రాలో బోధిస్తూ, రోగులకి మందులిస్తూ గడిపాడు. 1825లో బిషప్ హీబర్ చేతుల మీదుగా పాదిరీ అయ్యాడు. 1827లో లక్నోలో పోయేదాకా ఆ దారి వదల్లేదు.

ఆ బాప్తిస్మం కళ్లారా చూసే భాగ్యం మార్టిన్‌కి దక్కలేదు. సబాత్‌ని ఆయన నిలబెట్టలేకపోయాడు. సాలిహ్ తనంతట తనే నిలబడ్డాడు. చెప్పేవాడి చేతిలో చెప్పడం వరకే ఉంటుంది. నమ్మడం, మానడం విన్నవాడి సొంతం. ఎవరు ఎవర్ని మార్చారు, ఎంతమందిని మార్చారు అని లెక్కలేసే ముందు, ఆ మారిన మనిషిని కూడా ఒకసారి అడగాలనిపిస్తుంది నాకు.

విశాఖ వీడియోలో కలుద్దాం.