పులి నోరు తెరిచి చూసిన వేటగాడు జిమ్ కార్బెట్

నరమాంసం మరిగిన పులులను, చిరుతలను వెతికి వెతికి చంపినవాడి పేరునే పులుల అడవికి పెట్టారంటే వింతగానే ఉంటుంది. జిమ్ కార్బెట్ కథ తెలిస్తే ఆ వింత పోతుంది.

ఆయన 1875 జూలై 25న నైనిటాల్‌లో పుట్టారు. తండ్రి అక్కడి పోస్టుమాస్టరు, చిన్నతనంలోనే పోయారు. చలికాలం వస్తే కుటుంబం కొండ దిగి కాలాధుంగీకి చేరేది. జింక ఎందుకు అరిచిందో, ఇసుకలో అడుగు ఏ జంతువుదో కుర్రవాడు ఆ అడవిలోనే నేర్చాడు. బడి చదువు అంతంతమాత్రం. రైల్వేలో చేరి, బీహార్‌లోని మొకామా ఘాట్‌లో సరుకుల కాంట్రాక్టరుగా ఇరవై ఏళ్లకు పైగా గడిపారు.

1907లో చంపావత్ ఆడపులి సంగతి ఆయన దాకా వచ్చింది. నేపాల్‌లో 200 మందిని, కుమావూ కొండల్లో 236 మందిని పొట్టన పెట్టుకున్న పులి అది. బహుమతి రద్దు చేయాలని, మిగతా వేటగాళ్లను వెనక్కి పిలవాలని షరతు పెట్టి కార్బెట్ బయలుదేరారు. తహసీల్దారు కూడగట్టిన 298 మంది గ్రామస్థులు డప్పులు, డబ్బాలు మోగిస్తూ పులిని కదిలించారు. కార్బెట్ దగ్గర ఉన్నవి మూడే తూటాలు. అవి అయిపోతే తహసీల్దారు పాత తుపాకీ అందుకుని పని ముగించారు.

చచ్చిన పులి నోరు తెరిచి చూశారాయన. కుడివైపు పైకోర సగానికి, కిందికోర మొదలంటా విరిగి ఉన్నాయి. ఎన్నడో ఎవరో పేల్చిన గుండు దెబ్బ అది. అడవిజంతువును పట్టలేక మనిషిపై పడింది. ఆవును కొట్టిందన్న కోపంతో నాటుతుపాకీ పేల్చి, గాయపడిన మృగాన్ని వదిలేసేవారికి ఈ సంగతి తెలియాలి. చిరుతల విషయం వేరు. అంటువ్యాధుల్లో దహనం చేయలేక లోయల్లోకి జారవిడిచిన శవాలు వాటికి ఆ రుచి మరిపాయని కార్బెట్ అభిప్రాయం. 125 మందిని చంపిన రుద్రప్రయాగ చిరుతను 1926లో కాల్చారు.

తర్వాత్తర్వాత తుపాకీ కన్నా కెమెరాయే ఎక్కువగా పట్టారు. అలాగని మచ్చలేని మనిషేం కాదు, వైస్రాయి వేటలకు ఏర్పాట్లు చేసిందీ ఆయనే. అయినా 1936లో దేశంలో తొలి జాతీయ పార్కు ఏర్పడటంలో ఆయన పాత్ర పెద్దది. 1957లో దానికి ఆయన పేరు పెట్టారు. 1973 ఏప్రిల్ 1న పులుల సంరక్షణ పథకం అక్కడే మొదలైంది. మన నల్లమలలోని నాగార్జునసాగర్–శ్రీశైలం అడవి 1983లో అందులో చేరింది.

కాలాధుంగీ పక్కన చోటీ హల్ద్వానీ అనే ఊరిని కొని రైతులను నిలిపారు. అడవిపందులు పైరు తినకుండా ఊరి చుట్టూ రాతిగోడ కట్టించారు. 1947లో అక్క మ్యాగీతో కెన్యా వెళ్లిపోయారు. అక్కడి నుంచి కూడా ఆ రైతుల భూమిశిస్తు తానే కడుతూ వచ్చారు, 1955 ఏప్రిల్ 19న న్యేరిలో కన్నుమూసే వరకు.